సైకిల్ ఫోర్క్‌లో ఏ ఆయిల్ పోయాలి? డబ్బా మీది నంబర్ చూసి కొనకండి

(తెర మీద: బల్ల పైన రెండు కంపెనీల ఫోర్క్ ఆయిల్ డబ్బాలు, రెండింటి మీదా 5డబ్ల్యూ)

నమస్తే అందరికీ. ఈ రెండు డబ్బాల మీదా 5డబ్ల్యూ, అంటే 5 వెయిట్ అనే రాసి ఉంది, రెండూ ఫోర్క్ ఆయిలే, కానీ ఒకటి తీసి ఇంకోటి పోస్తే మీ సైకిల్ ఫోర్క్, అంటే ముందు షాకప్, నడిచే తీరే మారిపోతుంది. ఎందుకో చెప్తా. దానికంటే ముందు ఒకటి చూసుకోండి: అసలు మీ ఫోర్క్‌లో ఆయిల్ ఉందా?

నవ్వకండి, నిజంగానే అడుగుతున్నా. పొద్దున మన వరంగల్ భద్రకాళి బండ్ మీద, వడ్డేపల్లి చెరువు కట్ట మీద కనిపించే గేర్ సైకిళ్లలో చాలావాటికి ముందున్నది ఒట్టి స్ప్రింగ్ ఫోర్క్. సన్‌టూర్ ఎక్స్‌సీటీ, ఎం3030 లాంటి వాటి మామూలు మోడళ్లలో లోపల ఒక స్ప్రింగు, ఒక రబ్బరు లాంటి ముక్క, కాస్త గ్రీజు, అంతే. కుదుపును ఆపే ఆయిల్ వాటిలో ఉండదు. కొన్నింటికి హైడ్రాలిక్ లాకౌట్, అంటే ఫోర్క్ కదలకుండా బిగించే ఏర్పాటు ఉంటుంది, కానీ అది మూసేసిన క్యార్ట్రిడ్జ్, విప్పి ఆయిల్ మార్చేది కాదు. ఇలాంటి ఫోర్క్ పట్టుకెళ్లి "అన్నా, ఇందులో ఆయిల్ మార్చు" అంటే, కాదనలేక ఎవరో ఒకరు పైన మూత విప్పి ఇంజిన్ ఆయిల్ పోస్తారు, అది కింది బోల్టు దగ్గర కారుతుంది, ఫోర్క్ ఎడమ కాలి నుంచి కారిందంటే పోయి పోయి డిస్క్ మీద పడుతుంది, ఇక బ్రేక్ పని అయిపోయినట్టే. స్ప్రింగ్ ఫోర్క్ అయితే విప్పి తుడిచి, సస్పెన్షన్ గ్రీజు పూసి బిగించండి. మీకు ఈ వీడియో ఇక్కడితో అయిపోయింది, హాయిగా పోయి తొక్కుకోండి.

(తెర మీద: ఎయిర్ ఫోర్క్ బొమ్మ, కుడి కాలిలో డ్యాంపర్ ఎరుపు రంగులో, రెండు కాళ్ల అడుగున ఆయిల్ పసుపు రంగులో)

ఎయిర్ ఫోర్క్, అంటే స్ప్రింగుకి బదులు గాలి మీద నడిచేది ఉన్నవాళ్లు, హైడ్రాలిక్ డ్యాంపర్, అంటే ఆయిల్‌తో కుదుపును ఆపే భాగం ఉన్నవాళ్లు ఉండండి. మీ ఫోర్క్‌లో ఆయిల్ రెండు చోట్ల ఉంటుంది, రెండు చోట్లా పని వేరు. డ్యాంపర్‌లో ఉన్న ఆయిల్ సన్నని రంధ్రాల్లోంచి దూరి పోతూ ఫోర్క్ వేగాన్ని తగ్గిస్తుంది, ఫోర్క్ తిరిగి లేచే వేగం మార్చడానికి మీరు తిప్పే రీబౌండ్ నాబ్ ఆ దారిని చిన్నది, పెద్దది చేస్తుంది. రెండోది కింది కాళ్లలో ఉండే కొద్దిపాటి ఆయిల్, దాని పని బుషింగులు (కాళ్లు జారే లోపలి రింగులు), సీళ్లు (దుమ్ము, ఆయిల్ ఆపే రబ్బరు రింగులు) తడిగా ఉంచడం మాత్రమే. మొదటిదానికి పల్చటి ఆయిల్ కావాలి, రెండోదానికి సాధారణంగా చిక్కనిది. ఫోర్క్ కంపెనీల్లో ఫాక్స్ అయితే చాలా మోడళ్ల కింది కాళ్లలో 20 వెయిట్ గోల్డ్ ఆయిల్ పోస్తారు, రాక్‌షాక్స్ చాలా మోడళ్లకు 0డబ్ల్యూ-30 చెప్తుంది. ఈ రెండు చోట్లనీ కలిపేసి ఒకే డబ్బా కొనేవాళ్లే ఎక్కువ, తంటా అంతా అక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు నంబర్ సంగతి. ఫోర్క్ ఆయిల్ మీద 2.5, 5, 7.5, 10, 15 అని ఉండే వెయిట్ నంబర్‌కి అన్ని కంపెనీలూ ఒప్పుకున్న కొలత లేదు. ఎవరి 5 వాళ్లది. అసలు కొలత వేరే ఉంది, దాన్ని సెంటీస్టోక్స్ అంటారు, 40 డిగ్రీల దగ్గర ఆ ఆయిల్ ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె అది. ఒక కంపెనీ 5డబ్ల్యూ 16 దగ్గర ఉంటే ఇంకో కంపెనీ 5డబ్ల్యూ 26 చుట్టుపక్కల ఉంటుంది. అంటే డబ్బా మీద ఒకటే నంబర్, లోపల మాత్రం ఒకటిన్నర రెట్లు తేడా. డబ్బా మీద ఈ అంకె లేకపోతే కంపెనీ సైట్‌లో ఆ ఆయిల్ డేటా షీట్ తెరిచి చూడండి, ఫోన్‌లోనే దొరుకుతుంది. ఫోర్క్ మాన్యువల్‌లో చెప్పిన ఆయిల్ అంకె ఎంతో చూసి, దానికి దగ్గరగా ఉన్నది కొనండి, అది 5 అయినా 7.5 అయినా పట్టించుకోకండి.

(తెర మీద: ఉత్తర తెలంగాణ మ్యాప్, ఆదిలాబాద్, రామగుండం మీద చుక్కలు)

అదే డేటా షీట్‌లో ఇంకో అంకె ఉంటుంది, విస్కాసిటీ ఇండెక్స్, చలికి, వేడికి ఆయిల్ చిక్కదనం ఎంత మారుతుందో చెప్పేది. మన దగ్గర ఇది చూడకుండా కొనొద్దంటాను. జనవరి పొద్దున ఆదిలాబాద్‌లో చలి 10 డిగ్రీల కిందికి దిగుతుంది, మే నెలలో రామగుండంలో 45 దగ్గర ఉంటుంది. మామూలు ఆయిల్ అయితే 40 డిగ్రీల దగ్గర 16 ఉన్నది 10 డిగ్రీల దగ్గర దాదాపు మూడింతలు చిక్కబడుతుంది, అందుకే చలికాలం మొదటి రెండు కిలోమీటర్లు ఫోర్క్ చెక్కలా ఉంటుంది, ఎండాకాలం అదే ఫోర్క్ స్ప్రింగు బొమ్మలా ఎగురుతుంది, సీల్ పోయిందేమో అని టెన్షన్ పడతారు. ఇండెక్స్ ఎక్కువున్న ఆయిల్‌లో ఈ తేడా తక్కువ. కొన్ని మంచి సస్పెన్షన్ ఆయిల్స్‌కి అది 300 దాటుతుంది, ధర కూడా దాటుతుందనుకోండి, కానీ డ్యాంపర్‌కి పట్టేది కొంచెమే కాబట్టి ఇక్కడ లెక్క చూసుకోవద్దు.

బరువున్నవాళ్లు చిక్కటి ఆయిల్ పోయాలి అని చాలామంది చెప్తారు. సగం నిజం. బరువును మోసేది గాలి, ఆయిల్ కాదు. మీరు కూర్చోగానే ఫోర్క్ మరీ కిందికి దిగిపోతుంటే పంపు తీసి గాలి పెంచండి. గాలి పెంచాక తిరిగి లేచే వేగం పెరుగుతుంది, అప్పుడు రీబౌండ్ నాబ్ నెమ్మది వైపు తిప్పాలి. చివరి క్లిక్ దాకా తిప్పినా ఇంకా ఎగురుతుంటేనే ఒక మెట్టు చిక్కటి ఆయిల్ గురించి ఆలోచించండి. తేలికగా ఉన్న పిల్లలకి దీనికి తిరగేసి: నాబ్ మొత్తం తెరిచినా నెమ్మదిగానే లేస్తుంటే పల్చటిది. నెమ్మదిగా లేస్తే వరస గుంతల్లో ఫోర్క్ లేచే లోపే ఇంకో గుంత వచ్చేస్తుంది, అలా దిగుతూ దిగుతూ చివరికి కదలకుండా బిగుసుకుపోతుంది, ములుగు వైపు మట్టి బాటల్లో తొక్కేవాళ్లకి ఇది బాగా తెలుసు. క్లిక్‌లు మధ్యలో సరిపోతుంటే ఆయిల్ రకం మార్చాల్సిన పనే లేదు, అదే రకం కొత్తది పోయండి చాలు.

నా మాట వింటే డ్యాంపర్ కంటే కింది కాళ్ల ఆయిల్ మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టండి. రాక్‌షాక్స్ దీన్ని 50 గంటలకోసారి మార్చమంటుంది. పాకాల దారి ఎర్రమట్టిలో, గ్రానైట్ క్వారీల దుమ్ములో, గోదావరిఖని బొగ్గు పొడిలో తొక్కేవాళ్లు ఇంకా ముందే విప్పడం మంచిది. పని కూడా పెద్దది కాదు: గాలి పూర్తిగా తీసేయాలి, ఇది మర్చిపోవద్దు, కింది రెండు బోల్టులు వదులు చేసి ప్లాస్టిక్ సుత్తితో తట్టాలి, కాళ్లు లాగి నల్లటి ఆయిల్ వంపి శుభ్రంగా తుడవాలి, సీళ్ల కింద ఉన్న స్పాంజ్ రింగులను కొత్త ఆయిల్‌లో నానబెట్టాలి. తర్వాత మాన్యువల్‌లో చెప్పినంతే, సిరంజితో కొలిచి పోయాలి. కొన్ని మోడళ్లకు ఒక్కో కాలికి 5 నుంచి 10 మిల్లీలీటర్లే పడుతుంది. మంచిదే కదా అని ఎక్కువ పోస్తే లోపల గాలికి చోటు తగ్గి ఫోర్క్ పూర్తిగా కిందికి దిగదు, సీళ్లు కూడా బయటికి తన్నుకొస్తాయి.

(తెర మీద: ఇంజిన్ ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్, కొబ్బరి నూనె సీసాలు)

ఇక పోయకూడనివి. 20డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిల్ డ్యాంపర్‌లో పోయకండి, అది 40 డిగ్రీల దగ్గర 100 సెంటీస్టోక్స్ దాటి ఉంటుంది, ఫోర్క్ లేవనే లేవదు. డాట్ బ్రేక్ ఫ్లూయిడ్ అసలే వద్దు, రంగును, సీళ్లను తినేస్తుంది. కొబ్బరి నూనె గురించి కూడా అడిగారు, 24 డిగ్రీల కింద గడ్డకట్టేదాన్ని ఫోర్క్‌లో ఏం పోస్తాం చెప్పండి.

సైకిల్ ఆయిల్ వరంగల్‌లో దొరకకపోతే బండ్ల స్పేర్ పార్టుల షాపులో మోటార్‌సైకిల్ ఫోర్క్ ఆయిల్ అడగండి, మోతుల్ లాంటివి 5, 10, 15, 20 వెయిట్లలో వస్తాయి. సెంటీస్టోక్స్ సరిపోతే డ్యాంపర్‌కి అవీ నడుస్తాయి. మధ్యలో అంకె కావాలంటే ఒకే కంపెనీ, ఒకే సిరీస్‌లోని 5, 10 సగం సగం కలపండి, వేర్వేరు కంపెనీలవి కలపకండి. తీసేసిన పాత ఆయిల్ మోరీలో పోయకుండా సీసాలో పట్టి బండి మెకానిక్‌కి ఇచ్చేయండి, వాళ్ల దగ్గర వేస్ట్ ఆయిల్ డ్రమ్ము ఉంటుంది.