పీడీఎఫ్ దొరక్కపోతే ఏం చేస్తున్నారు? విశాఖ స్టూడియోలో చర్చ

యాంకర్: నమస్కారం. ఉపోద్ఘాతాలు వద్దు, నేరుగా అడిగేస్తాను. రేపు పొద్దున అసైన్‌మెంట్ ఇవ్వాలి, ఏం తెరుస్తావు తమ్ముడూ?

ఇంజినీరింగ్ విద్యార్థి: నిజం చెప్పమంటారా? చాట్‌జీపీటీ. అర్థం కాకపోతే యూట్యూబ్. జర్నళ్లలో వచ్చే రీసెర్చ్ పేపర్ల దాకా వెళ్లేది ప్రాజెక్ట్ రివ్యూ అప్పుడే, అదీ గైడ్ గారు రిఫరెన్సులేవీ అని అడిగితే.

రీసెర్చ్ స్కాలర్: మొదలు ఎక్కడ పెట్టినా ఫర్వాలేదండి, వికీపీడియా అయినా సరే. కింద మూలాలు ఇస్తారు కదా, అవి పట్టుకుని ముందుకెళ్లాలి. మనవాళ్లు అక్కడిదాకా స్క్రోల్ చెయ్యరు, అదీ గొడవ.

లైబ్రేరియన్: ఈమధ్య ఒకబ్బాయి రిఫరెన్సుల లిస్టు పట్టుకొచ్చాడు. రచయితలు, జర్నల్, సంవత్సరం, డీఓఐ నంబరు అంటే ఆన్‌లైన్లో పేపరుకి ఇచ్చే గుర్తింపు నంబరు, అన్నీ ముచ్చటగా ఉన్నాయి. ఒక నంబరు డీఓఐ సైట్లో కొడితే సంబంధం లేని పేపరేదో తెరుచుకుంది, ఇంకోటి అసలు తెరుచుకోనే లేదు. జర్నల్ మాత్రం నిజమైనదే, ఆ సంచికలో ఆ వ్యాసమే లేదు! ఏఐ రాసిచ్చిన లిస్టు అది. ఒక్కో నంబరు కొట్టి చూడ్డానికి అర నిమిషం పట్టదు, ఆ ఓపిక కూడా లేకపోతే ఎలా?

యాంకర్: సరే, అసలు పేపరే దొరికింది. తెరిస్తే డాలర్లు కట్టమంటుంది కదా మేడమ్?

విద్యార్థి: అక్కడే వెనక్కొచ్చేస్తాం. అబ్‌స్ట్రాక్ట్, అదే పేపరు మొదట్లో ఉండే సారాంశం, చదివి దాన్నే రిఫరెన్స్‌గా పెట్టేసేవాళ్లు మా క్లాసులో బోలెడుమంది.

లైబ్రేరియన్: ప్రభుత్వ యూనివర్సిటీల పిల్లలకి ఆ బాధ చాలావరకు తీరిందండి. జర్నళ్ల చందా సర్కారే కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకానికి కేంద్ర కేబినెట్ 2024 నవంబరులో ఆమోదం తెలిపింది. 2025 నుంచి 2027 దాకా మూడేళ్లకి 6,000 కోట్లు, 30 మంది పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నళ్లు. డబ్బు సర్కారు కట్టేసింది, వాడుకోవాల్సినవాళ్లకే తెలియట్లేదు.

విద్యార్థి: మాది ప్రైవేట్ కాలేజీ మేడమ్. మాకు రాదుగా?

లైబ్రేరియన్: తొలి విడతలో ప్రభుత్వ సంస్థలకే ఇచ్చారు. అది అన్యాయమే, నేనూ ఒప్పుకుంటాను.

రీసెర్చ్ స్కాలర్: అయినా దారులున్నాయి. గూగుల్ స్కాలర్‌లో ఫలితానికి కుడిపక్కన పీడీఎఫ్ లింకు ఉందేమో చూడు. లేకపోతే కింద ఆల్ వెర్షన్స్ నొక్కు, రచయిత తన సైట్లో పెట్టుకున్న కాపీ దొరకొచ్చు. అదీ లేదంటే ఆయనకే మెయిల్ కొట్టు, చాలామంది సంతోషంగా పంపుతారు. ఇక శోధ్‌గంగ అనే సైట్లో మన దేశపు పీహెచ్‌డీ థీసిస్‌లు అధ్యాయాలవారీగా ఉచితం. ఏ సబ్జెక్టైనా లిటరేచర్ రివ్యూ, అంటే అంతకుముందు ఎవరేం రాశారో చెప్పే అధ్యాయం, ఒక్కటి చదివితే సగం పని అయిపోయినట్టే.

లైబ్రేరియన్: చదవమంటున్నారు బాబూ, దించెయ్యమనట్లేదు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం థీసిస్‌లో వేరేవాళ్ల రాతలతో పోలిక 10 శాతం దాకా వదిలేస్తారు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు.

యాంకర్: అసలు వెతకడమే రాదని కూడా కంప్లయింట్ ఉంది.

రీసెర్చ్ స్కాలర్: ఉంది. ఆర్కే బీచ్ ఎందుకు కోసుకుపోతోంది అని ప్రశ్న మొత్తం టైప్ చేస్తే వార్తలే వస్తాయి. పేపర్లు రాసేవాళ్లు ఆర్కే బీచ్ అనరు కదా, విశాఖపట్నం కోస్ట్ అంటారు. దాని పక్కన షోర్‌లైన్ చేంజ్ (తీరరేఖ మార్పు) అనో, సెడిమెంట్ ట్రాన్స్‌పోర్ట్ (ఇసుక, మట్టి కదలిక) అనో ఇంగ్లీషులో వెయ్యాలి. ఒక మంచి పేపరు దొరికాక సైటెడ్ బై నొక్కితే ఆ తర్వాత దాన్ని వాడుకున్నవాళ్లంతా వరసగా వస్తారు. బ్రిటిష్ కాలం రికార్డులైతే Vizagapatam, Waltair అనే పాత ఇంగ్లీషు స్పెల్లింగులతో వెతకండి, ఇప్పటి పేరు కొడితే చాలావరకు తగలవు.

విద్యార్థి: ఇవన్నీ మాకెవరూ చెప్పలేదు సార్. ఫస్టియర్లో లైబ్రరీ ఓరియెంటేషన్ అంటే బీరువాలు చూపించి పంపేశారు.

లైబ్రేరియన్: మీ ప్రిన్సిపాల్ గారి లెటర్ తెచ్చుకో, బయటి విద్యార్థుల్ని కూర్చుని చదువుకోనిచ్చే లైబ్రరీలున్నాయి. కాకపోతే వెళ్లేముందు ఫోన్ చేసి కనుక్కో, ఒక్కోచోట ఒక్కో రూలు.

యాంకర్: గాజువాక నుంచి కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండి సార్, మీ ప్రశ్న.