గుట్ట కనిపిస్తే ఊరొచ్చినట్టే

హోస్ట్: అందరికీ నమస్తే. ఈసారి రికార్డింగ్ మా ఊళ్లో, సార్ వాళ్ల ఇంటి అరుగు మీద. కల్వకుర్తి నుంచి దేవరకొండ పోయే దారిలో ఉంటుంది మా ఊరు. అటు నల్గొండ, ఇటు పాలమూరు. మధ్యమధ్యలో మేకల గంటలు వినిపిస్తాయి, అవి తీసేయలేదు. సార్ నాకు ఆరో తరగతి నుంచి పది దాకా సోషల్ చెప్పారు. మా గుట్ట మీద గాలిమరలు పెడతామని ఒక కంపెనీ వాళ్లు వచ్చి వెళ్లినప్పటి నుంచి సార్ ఇంటి పట్టున ఉన్నది తక్కువ. సార్, ఎదురుగా ఏం కనిపిస్తోందో ముందు మీరే చెప్పండి.

సార్: గుట్ట, బిడ్డా. పడుకున్న ఎద్దులాగా ఉంటుంది. ఎడమ పక్కన మూపురం, దాని మీద ఆంజనేయస్వామి గుడి. నడుము దాకా సీతాఫలం చెట్లు, తంగేడు. ఆ పైన అంతా బండే. పొద్దున ఎర్రగా ఉంటుంది, ఎండెక్కితే బూడిద రంగు. వాన పడ్డాక చూడాలి, నల్లగా నిగనిగలాడుతుంది. బతుకమ్మకు తంగేడు, గునుగు ఈ ఊరు ఆ గుట్ట కిందినుంచే తెచ్చుకుంటుంది.

హోస్ట్: ఇంతకుముందు మన దగ్గర ఈ మాటే లేదు కదా. గాలిమరలంటే అనంతపురం, రామగిరి అనుకునేవాళ్లం.

సార్: అవును. మన రాష్ట్రం మొత్తం మీద 128 మెగావాట్లే ఉన్నాయి. అందులో ఎక్కువ భాగం పరిగి దగ్గరే. మన దగ్గర గాలి తక్కువ అనేవాళ్లు. ఆ మాట నిజమే, కానీ ఎంత ఎత్తులో అన్నది చూడాలి. కేంద్రం వాళ్ల పవన శక్తి సంస్థ లెక్క చూడు. నేలకు 100 మీటర్ల పైన కొలిస్తే తెలంగాణలో 4,244 మెగావాట్లు రావచ్చన్నారు. అదే 120 మీటర్ల పైన కొలిస్తే 24,833. ఇరవై మీటర్లు పైకి పోతే దాదాపు ఆరింతలు!

హోస్ట్: అంటే గాలి మారలేదు, స్తంభం పెరిగింది.

సార్: అంతే. స్తంభం పెరిగేకొద్దీ మన గుట్టలు వాళ్ల కంట్లో పడతాయి. ఇప్పుడు పెడుతున్న కొత్తవాటిలో స్తంభమే 120 నుంచి 140 మీటర్లు. దాని పైన రెక్క మరో 70 మీటర్లు లేస్తుంది. నువ్వు సాగర్ డ్యామ్ చూశావు కదా? పునాది నుంచి కొలిస్తే 124 మీటర్లు. అంతటిది గుట్ట నెత్తిన నిలబెట్టి, దాని పైన రెక్కలు తిప్పుతారు. మన గుట్టేమో ఊరి నేల నుంచి 90 మీటర్లు కూడా ఉండదు.

హోస్ట్: ఇప్పుడు నేను అడ్డంగా అడుగుతాను, సార్. ఊళ్లో కుర్రాళ్లు నాతో అన్న మాటే. గుట్ట అందం అన్నం పెడుతుందా? లీజు డబ్బులొస్తాయి, రోడ్డు పడుతుంది. బోరు మోటారుకు కరెంటు కావాలి, ఆ కరెంటుకు బొగ్గు తవ్వకూడదు. మరి ఏం చేయాలి?

సార్: వాళ్లు అడగడంలో తప్పు లేదు. నేను గాలి కరెంటుకు వ్యతిరేకిని కాదమ్మా, ఆ మాట ప్రతి మీటింగులో చెబుతున్నాను. ఎండలు ఎట్లా ముదిరాయో నాకూ తెలుసు. గ్రానైట్ కోసం గుట్టలకు గుట్టలే మాయమైన ఊళ్లు నల్గొండ వైపు చూశాను. గాలిమర అంత పని చేయదు, కింద గుట్ట ఉంటుంది. ఇది నేను ఒప్పుకుంటాను. కానీ అన్నం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతా. మా నాయన బొంబాయి పోయిన మనిషి. పాలమూరు వలస అంటే నీకు తెలుసు కదా.

హోస్ట్: మా తాత కూడా పోయినవాడే, సార్.

సార్: అప్పుడు నీకు చెప్పే పని లేదు. ఏడాదికోసారి బస్సులో వచ్చేవాడు. రాత్రంతా నిద్ర లేకుండా కూర్చుని, తెల్లవారుజామున కిటికీలోంచి చూసేవాడట. బోర్డు చదవడం రాదు ఆయనకు. గుట్ట కనిపిస్తే ఊరొచ్చినట్టే. అక్కడి నుంచి మూట సర్దుకునేవాడు. ఒకసారి పొగమంచుకు గుట్ట కనబడక రెండు ఊళ్లు దాటిపోయి, వెనక్కి నడిచొచ్చాడు. కూలికి పోయినవాడికి ఈ ఊళ్లో ఇల్లు సరిగ్గా లేదు, పొలం లేదు. తనది అని చెప్పుకోవడానికి ఆ గుట్ట ఆకారం ఒక్కటే ఉంది. దానికి పాస్‌బుక్ అక్కర్లేదు.

హోస్ట్: ... నేను హైదరాబాద్ నుంచి వస్తున్నప్పుడు కూడా అంతే, సార్. మలుపు తిరగగానే కళ్లు అటే పోతాయి.

సార్: అందుకే ‘అందం’ అంటే నాకు కోపం వస్తుంది. అది డబ్బున్నవాళ్ల మాటలాగా వినిపిస్తుంది.

హోస్ట్: బయటి దేశాల్లో ఇది ఎక్కువగా డబ్బున్నవాళ్ల గొడవే అంటారు కదా. స్కాట్లాండ్‌లో ట్రంప్ తన గోల్ఫ్ మైదానం ముందు సముద్రంలో గాలిమరలు వద్దని కోర్టుకెక్కి, 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టులో ఓడిపోయాడు.

సార్: ఆ కేసును మనకు ముడిపెట్టొద్దు. అక్కడ ఆట మైదానం, ఇక్కడ ఊరి దేవుడు. ఇంగ్లండ్ సంగతి చూస్తే మనకు పనికొస్తుంది. 2015లో స్థానికుల అభ్యంతరాలు తీరితే తప్ప నేల మీద కొత్త గాలిమరలు వద్దని నిబంధన పెట్టారు. దాదాపు అన్నీ ఆగిపోయాయి. 2024 జులైలో కొత్త ప్రభుత్వం వచ్చి ఎత్తేసింది. జర్మనీలో బవేరియా రాష్ట్రం 2014లో ఇళ్లకు మర ఎత్తుకు పదింతల దూరంలో ఉండాలంది, తర్వాత సడలించింది. ఎవరో ఒక్కరు వద్దంటే మొత్తం ఆగిపోవడం కూడా నాకు నచ్చదు. కానీ అక్కడ అడిగారు కదమ్మా! మన దగ్గర అడిగే ఏర్పాటే లేదు.

హోస్ట్: అది కొంచెం వివరంగా చెప్పండి, చాలామందికి తెలియదు.

సార్: 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ జాబితాలో గాలి కరెంటు లేదు. జాబితాలో లేదు కాబట్టి పర్యావరణ అనుమతి అక్కర్లేదు, ఆ అనుమతి కోసం పెట్టే ప్రజాభిప్రాయ సేకరణా అక్కర్లేదు. అటవీ భూమి అయితే వేరే అనుమతులుంటాయి. మనది రెవెన్యూ గుట్ట. 2016లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, శబ్దం కోసం ఇళ్లకు 500 మీటర్ల దూరం ఉండాలని. మంచిదే. అది చెవికి సంబంధించిన దూరం. కంటికి దూరం ఎవరు రాశారు? దేవుడి గుట్ట, జాతర గుట్ట, కోట ఉన్న గుట్ట అని ఎక్కడైనా ఒక వరుస ఉందా? దేవరకొండ కోట వెనక ఇట్లాంటివి పది నిలబడితే ఆ కోట ఎట్లా కనిపిస్తుందో ఒక్కసారి ఊహించుకో.

హోస్ట్: మీరు ఏం అడుగుతున్నారు మరి?

సార్: రెండే. కట్టకముందు గ్రామసభ పెట్టండి. ఏ గుట్ట వదలాలో ఊరు చెబుతుంది, ఎక్కడ పెట్టొచ్చో కూడా ఊరే చూపిస్తుంది. తూర్పున చెలక ఉంది కదా, ఆ మెరక మీద పెట్టుకోమనే మా తీర్మానంలో రాశాం. గాలి కాస్త తగ్గుతుంది, వాళ్లకు లాభం కాస్త తగ్గుతుంది. ఇంకా దారి సంగతి. 70 మీటర్ల రెక్క ఒకే ముక్కగా లారీ మీద వస్తుంది. అది తిరగాలంటే గుట్టకు ఎంత వెడల్పు దారి చెక్కాలి? బండ పగలగొడితే మళ్లీ అతుక్కోదు కదా.

హోస్ట్: రాత్రి ఎట్లా ఉంటుందో కూడా మీరు ఒకసారి అన్నారు.

సార్: విమానాల కోసం పైన ఎర్ర లైట్లు పెడతారు, రాత్రంతా ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. మనకు కార్తీక పౌర్ణమి నాడు మూపురం మీద ఒక్క దీపం పెడతారు. ఒక్కటే. చుట్టూ ఏడు ఊళ్లకు కనిపిస్తుంది. దాని చుట్టూ ఎర్రగా ఎనిమిది మినుకుమంటుంటే ఆ దీపాన్ని ఎవరు పోల్చుకుంటారు? దసరా నాడు పాలపిట్టను చూడటానికి ఆ గుట్ట కిందికే పోతాం. గద్దలు గాలి మీద తేలేది ఆ అంచునే, రెక్కలు తిరిగేదీ ఆ అంచునే.

హోస్ట్: బెలూన్ల కథ చెప్పండి సార్. వీడియో చాలామంది చూశారు, వెనక ఏం జరిగిందో తెలియదు.

సార్: మీటర్లు చెబితే ఎవరికీ ఎక్కడం లేదు. కాగితం మీద 130 అంటే 130, అంతే. అందుకని జాతరలో అమ్మే గ్యాస్ బెలూన్లు ఇరవై తెచ్చాం. పతంగి దారం మన వీధిలోనే టేపు పెట్టి 130 మీటర్లు కొలిచాం, పిల్లలు పట్టుకున్నారు. గాలి లేని పొద్దు చూసుకుని, చీకటితోనే గుట్టెక్కి మూపురం పక్క నుంచి వదిలాం. ఐదున్నరకు వెలుగొచ్చింది. ఊరంతా బయటికొచ్చింది, లీజు కావాలన్న కుర్రాళ్లు కూడా వచ్చారు. గుడి మీది జెండాకు అలవాటుపడ్డ కళ్లు మొదట అక్కడే వెతికాయి. కనబడలేదు. మెడలు ఇంకా పైకెత్తాలి, ఇంకా పైకి. ఎర్రటి చుక్క, ఎక్కడో.

హోస్ట్: మా నాయనమ్మ మీ పక్కనే ఉంది అప్పుడు.

సార్: నా పక్కనే. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, “సారూ, స్తంభం ఆడిదాకా వస్తదా?” అంది. అవునమ్మా, రెక్క దానికి ఇంకా పైన అన్నాను. ఆమె ఇంకేం అనలేదు. కొంగు తల మీద కప్పుకుని, గుట్టకు దండం పెట్టి ఇంట్లోకి పోయింది. ఆ సాయంత్రమే గ్రామసభ తీర్మానం మీద వేలిముద్ర వేసింది. ఆమెదే మొదటిది.