మూలకు మూలమట్టం పెట్టి చూశారా?

హోస్ట్: అన్నా, మైక్ ఆన్ చేయకముందు 120 ఫ్లాట్లలో మాడ్యులర్ కిచెన్లు బిగించామని ఏదో అన్నారే, అక్కడి నుంచే మొదలుపెట్టండి.

అతిథి: అది నా నెత్తిమీదకొచ్చిన కథ తమ్ముడూ. కోకాపేట వైపు సైటు, 20 అంతస్తులు, అంతస్తుకు ఆరు ఫ్లాట్లు. డ్రాయింగ్‌లో గోడ నుంచి గోడకు 2,700 మిల్లీమీటర్లని ఉంది, అన్నీ ఒకటే కదా అని కిచెన్ డబ్బాలకి, అదే క్యాబినెట్లకి, ఫ్యాక్టరీలో ఆర్డర్ పెట్టేశాం. డబ్బాలు దిగాక చూస్తే ఒక ఫ్లాట్‌లో 2,685, పక్కదాంట్లో 2,665.

హోస్ట్: అంగుళం చిల్లర పోయిందా! ఎలా?

అతిథి: డ్రాయింగ్ గీసింది ఇటుక గోడకి. దానిమీద ప్లాస్టరింగ్, ఆపైన టైల్స్, అదీ రెండు వైపులా. పైగా మూలలో మూలమట్టం పెట్టి చూస్తే గోడ లోపలికి వంగి ఉంది. డబ్బా చిన్నదైతే ఫిల్లర్ పట్టీ వేసి కప్పేస్తాం, పెద్దదైతే దూరదు, అంతే. 40 కిచెన్ల డబ్బాలు సైట్‌లోనే కోశాం, ఎడ్జ్ బ్యాండింగ్, అంటే బోర్డు అంచు కప్పే పట్టీ, చేత్తో అతికించాం, చూస్తే ఏడుపొచ్చేది. ఇప్పుడు టైల్స్ పడ్డాక ప్రతి ఫ్లాట్‌కీ టేపు పట్టిస్తా, కింద, మధ్యలో, పైన మూడు చోట్ల, తక్కువ వచ్చిన కొలతే లెక్క.

హోస్ట్: 120 ఫ్లాట్లకీనా? బిల్డర్ ఆగుతాడా?

అతిథి: ఆగడు, తిడతాడు. ఇద్దరు మనుషులు వారం తిరిగితే అయిపోయే పని అది. ఇంకోటి, ఎదురెదురు ఫ్లాట్లు అద్దంలో బొమ్మల్లా తిరగబడి ఉంటాయి, ఎడమ చేతి కార్నర్ యూనిట్ కుడి వైపు ఫ్లాట్‌కి పనికిరాదు. ఫ్యాక్టరీలోనే డబ్బా మీద ఫ్లాట్ నంబరు రాయకపోతే 14వ అంతస్తులో కూర్చుని పజిల్ ఆడాల్సిందే. సైట్ పనికోసం తాత్కాలికంగా పెట్టిన సామాన్ల లిఫ్ట్ ఏ తేదీన విప్పేస్తారో కూడా ముందే కనుక్కో, లేకపోతే మెట్ల మీద మోత కూలీ మన జేబులోంచే.

హోస్ట్: ప్లైవుడ్ సంగతేంటి? అందరూ వాటర్‌ప్రూఫే అంటారు.

అతిథి: మాట కాదు, బోర్డు మీద ముద్ర చూడు. ఐఎస్ అంటే ఇండియన్ స్టాండర్డ్, ఐఎస్ 303 కింద ఎంఆర్ (మాయిశ్చర్ రెసిస్టెంట్) గ్రేడ్ అని ఉంటే తేమకి కాస్త ఓర్చుకుంటుందని, నీళ్లకి కాదు. సింక్ కింద మాత్రం ఐఎస్ 710, అంటే మెరైన్ ప్లైవుడ్ ముద్ర ఉన్నదే వేస్తా, మిగతాచోట బడ్జెట్‌ని బట్టి. అదీ ప్లంబర్ సింక్ నింపి, ఒక్కసారిగా వదిలి, కింద పైపు జాయింట్ చేత్తో తడిమి చూశాకే నా కార్పెంటర్ షట్టర్, అంటే డబ్బా తలుపు, బిగిస్తాడు.

హోస్ట్: ప్లంబర్ రాకపోతే?

అతిథి: షట్టర్ బిగించం. ఆ ఒక్క డబ్బా నోరు తెరుచుకునే ఉంటుంది, సైట్ ఇంజినీర్‌కి ఫోటో పెట్టేసి పక్క ఫ్లాట్‌కి వెళ్లిపోతాం.