జన్మపాపం జన్యువుల్లో ఉందా?

ఫాదర్ గారికి, ఉపదేశులకు, కాజీపేట, హన్మకొండ చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన యువతకు నమస్కారం.

నేను జంతుశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ని, ఆదివారం పూజ తప్పనివాణ్ని. బైపీసీ పిల్లలు నన్ను తరచూ ఒకటే అడుగుతారు. క్లాసులో పరిణామవాదం, గుడిలో ఆదాము హవ్వ, వాళ్ల తప్పు పుట్టుకతోనే మనందరికీ వస్తుందనే జన్మపాప బోధ. ఒకటి ఒప్పుకుంటే రెండోది వదిలేయాలా అని. వాళ్ల టెన్షన్ నిజమైనది. కసిరి నోరు మూయిస్తే పోయేది కాదు.

ముందు సైన్సు మాట దాచకుండా చెప్పుకుందాం. గోదావరి దాటితే పాత ఆదిలాబాద్ జిల్లాలో యామన్‌పల్లి అనే ఊరుంది. అక్కడ కోటసారస్ అనే రాక్షసబల్లి ఎముకలు దొరికాయి. ఒక్క జంతువువి కాదు, చాలావాటి ఎముకలు ఒకేచోట కలగలిసిపోయి ఉన్నాయి. వాటిని జోడించి నిలబెట్టిన అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. వెళ్లినప్పుడు దాని కాళ్ల దగ్గర కాసేపు నిలబడండి. అది బతికి 17 కోట్ల ఏళ్లు దాటింది. మన జాతి మనిషికి దొరికిన ఆధారాలు 3 లక్షల ఏళ్ల నాటివి. అంటే పాపం చేసేవాడే లేని లోకంలో చావు ఉంది. పాపం వల్లే మరణం లోకానికి వచ్చిందని పౌలు రోమీయులకు రాశాడు. ఆ మరణం అంటే ఊపిరి ఆగడమే అనుకుంటే, ఆ ఎముకల ముందు మన మాట నిలవదు. అయితే బైబిలే మనల్ని అట్లా చదవనివ్వదు. పండు తిన్న దినమున చచ్చెదవు అన్నాడు దేవుడు. ఆదాము తిన్నాడు, ఆ తర్వాత కూడా బతికాడు, మొత్తం 930 ఏళ్లు అని అదే ఆదికాండం చెబుతుంది. ఆ రోజు చచ్చింది దేవుడితో ఉన్న చనువు. చెట్ల చాటున దాక్కోవడం అక్కడే మొదలైంది.

ఇక ఒకే జంట సంగతి. మైటోకాండ్రియా అంటే మన కణాల్లో ఉండి, తల్లి నుంచే బిడ్డకు వచ్చే భాగం. మనందరి మైటోకాండ్రియా ఒకే ఆడమనిషికి చేరుతుందని 1987లో తేల్చారు, పత్రికలు ఆమెకు హవ్వ అని పేరు పెట్టాయి. కానీ ఆ కాలంలో ఆమె ఒక్కతే లేదు, ఇంకా వేలమంది ఉన్నారు. మన జన్యువుల్లో ఉన్న వైవిధ్యం ఇద్దరి నుంచే వచ్చిందంటే లెక్క కుదరదు. 1950లో 12వ పయస్ పోపు, ఆదిలో అనేక జంటలున్నాయనే అభిప్రాయాన్ని జన్మపాప బోధతో ఎట్లా కలపాలో కనబడడం లేదని రాశారు. 1996లో రెండో జాన్‌పాల్ పోపు, పరిణామవాదం ఊహ స్థాయి దాటిందన్నారు. ఆ ముడి ఇంకా పూర్తిగా విడలేదు. విడిపోయిందని మీకు చెబితే అబద్ధమవుతుంది.

మరి దోషం రక్తంలో దిగుతుందా? ఉత్తరాఫ్రికాలోని హిప్పో పట్టణపు బిషప్ అగస్టీను గారు, సుమారు 1600 ఏళ్ల కిందట, ఆదాము దోషం గర్భధారణతోనే బిడ్డకు అంటుతుందని వాదించారు. తూర్పు (ఆర్థడాక్స్) క్రైస్తవ సంఘాలు దీన్ని ఇదే రూపంలో ఎప్పుడూ తీసుకోలేదు. తండ్రి చేసిన దొంగతనం వీర్యకణంలోకి ఎక్కదని జీవశాస్త్రం గట్టిగా చెబుతుంది. అయినా ఇంకో సంగతి కూడా చెబుతుంది. 1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం నెదర్లాండ్స్‌కు తిండి రానివ్వలేదు. అప్పుడు కడుపులో ఉన్న పిల్లలు పెద్దయ్యాక వాళ్లలో షుగర్ సమస్యలు ఎక్కువ కనిపించాయి. ఆకలి పెట్టింది ఒకరు, అనుభవించింది అప్పటికింకా పుట్టనివారు. తప్పు వారిది కాదు, దెబ్బ మాత్రం వారికే తగిలింది. 1992 నాటి కతోలిక సత్యోపదేశం, అంటే మన చర్చి అధికారిక బోధల పుస్తకం కూడా జన్మపాపం మనం చేసిన పని కాదు, మనం పుట్టిన స్థితి అంటుంది. దాన్ని సొంత తప్పుగా లెక్కించకూడదంటుంది. ఈ మాట మన ప్రసంగాల్లో ఎందుకు వినబడదో నాకు బాధగా ఉంటుంది.

ఎందుకంటే మన నేల మీద పుట్టుకతో మైల అనే మాటకు వేరే చరిత్ర ఉంది. మన తాతముత్తాతల్లో చాలామంది మాల, మాదిగ వాడల నుంచి చర్చికి వచ్చారు. దొర గడి ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచారు. పుట్టుకే అంటు అని వాళ్లకు తరతరాలుగా చెప్పారు. జన్మపాపం పేరు చెప్పి మళ్లీ అదే మాట వాళ్ల పిల్లల మీద వేయవద్దు. పౌలు “అందరూ పాపము చేసి” అన్నాడు. ఆ ‘అందరూ’లో దొర బిడ్డ, జీతగాడి బిడ్డ ఒకే వరుసలో నిలబడతారు. శుద్ధంగా పుట్టిన కులం ఒక్కటీ లేదు. ఏ ఇద్దరి జన్యుపటం తీసుకున్నా 99.9 శాతం ఒకటే అని సైన్సు చూపింది. ఈ బోధలో నేను గట్టిగా పట్టుకునేది ఈ సమానత్వాన్నే. “నేను చేయగోరు మేలు చేయక చేయగోరని కీడు చేయుచున్నాను” అన్న పౌలు మాట గడిలోనూ నిజమే, గుడిసెలోనూ నిజమే.

చివరగా ఉపదేశులకు ఒక విన్నపం. బిడ్డ లోపంతో పుట్టినా, జ్ఞానస్నానం కాకముందే పోయినా, ఆ తల్లి ముందు జన్మపాపం అనే మాట ఎత్తకండి. పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులు ఎవరు పాపం చేశారని అడిగితే, వీడూ కాదు, వీని తల్లిదండ్రులూ కాదు అన్నారు ప్రభువు. అట్లా చనిపోయిన పసిబిడ్డలకు రక్షణ దొరుకుతుందని ఆశించడానికి కారణాలున్నాయని 2007లో వాటికన్ వేదాంత సంఘం రాసింది. జ్ఞానస్నానం ఇప్పించాలని తల్లిదండ్రులు అనుకుని ఉంటే, ఆ బిడ్డకు చర్చి పద్ధతిలో అంత్యక్రియలు జరపడానికి బిషప్ గారు అనుమతి ఇవ్వవచ్చు. 1983 నాటి చర్చి చట్టంలోనే ఆ వీలుంది. మీ ఊళ్లో ఎవరైనా సమాధి స్థలం ఇవ్వబోమంటే, ఆ ఇంటివాళ్లను వెంటబెట్టుకుని ఆ రోజే ఫాదర్ గారి దగ్గరకు వెళ్లండి.