మ్యారేజ్ స్టోరీ రివ్యూ: మొగుడికి చెప్పాల్సింది లాయరుకు చెబితే

నమస్తే, హైదరాబాద్ నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు సినిమా మ్యారేజ్ స్టోరీ. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, దర్శకుడు నోవా బామ్‌బాక్. కథంతా చెప్పేస్తాను కాబట్టి, చూడనివాళ్లు చూసొచ్చాక వినండి.

చార్లీ న్యూయార్క్‌లో నాటకాల డైరెక్టర్, నికోల్ అతని నాటకాల్లో నటి. హెన్రీ అని ఒక కొడుకు. ఆడం డ్రైవర్, స్కార్లెట్ జొహాన్సన్ చేశారు. మొదట్లోనే ఒకరిలో ఒకరికి ఏం నచ్చుతాయో వరసగా వినిపిస్తాయి. అబ్బ, ఎంత అన్యోన్యంగా ఉన్నారో అనుకుంటాం. తీరా చూస్తే అవి విడాకులకు ముందు మీడియేటర్ రాయించిన కాగితాలు. నికోల్ తనది చదవనంటుంది.

వీళ్లు మాట్లాడుకోక విడిపోయారని చాలామంది అంటారు. నాకైతే అలా అనిపించలేదు. మాటలకేం కొదవ లేదు, వినాల్సిన మనిషి ముందు తప్ప అందరి ముందూ మాట్లాడతారు. లాయర్ నోరా ఆఫీసు సీన్ చూడండి. నోరా చెప్పులు విడిచి పక్కన సోఫాలో కూర్చుంటుంది, నికోల్ ఏళ్ల తరబడి దాచుకున్నదంతా బయటపెడుతుంది. లాస్ ఏంజెలెస్‌లో కొన్నాళ్లు ఉందామని ఎన్నిసార్లు అడిగిందో, ఇంట్లో తన ఇష్టాలు ఎలా చిన్నబోయాయో, ఆఖరికి తన ఫోన్ నంబరు కూడా మొగుడికి తెలియదన్న సంగతి. అదే లాస్ ఏంజెలెస్ గురించి చార్లీని అడిగితే, ఏదో మాటవరసకు అనుకున్నాం కదా అంటాడు. మన ఇళ్లల్లో 'చూద్దాంలే' అన్నవాడు మర్చిపోతాడు, విన్నావిడ ఎదురుచూస్తూ ఉంటుంది, అచ్చం అలాగే. నోరాగా చేసిన లారా డెర్న్‌కు ఆస్కార్ వచ్చింది, రావాల్సిందే.

నాకు బాగా నచ్చింది మాత్రం భోజనాల సీన్. లాయర్ల మీటింగ్ మధ్యలో లంచ్ ఆర్డర్ ఇవ్వాలి. చార్లీ మెనూ పట్టుకుని తేల్చుకోలేకపోతుంటే నికోల్ అతని బదులు తానే చెప్పేస్తుంది, సలాడ్ మీద ఏం వేయాలో కూడా. ఆ గదిలో వీళ్లిద్దరి మధ్య నడిచిన అసలు సంభాషణ అదొక్కటే.

తర్వాత కోర్టు. ఒకరోజు కొంచెం వైన్ ఎక్కువైందని నికోల్ ఎప్పుడో నమ్మి చెప్పిన మాట, అక్కడ తాగుడు అలవాటుగా మారిపోతుంది. కారులో పిల్లాడి సీటు సరిగ్గా బిగించలేదని చార్లీ మీద వేస్తారు. చివరికి నోరా, పిల్లాడి కస్టడీలో నికోల్‌కు 55 శాతం, చార్లీకి 45 శాతం వచ్చేలా సాధించానని గర్వంగా చెబితే, నికోల్ నేనలా కోరలేదంటుంది. ఆవిడ కోరింది సమానంగా!

ఇది చూస్తుంటే మన పురానీ హవేలీ ఫ్యామిలీ కోర్టు గుర్తొచ్చింది. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం ప్రకారం అక్కడ లాయర్ని పెట్టుకోవడం హక్కు కాదు, జడ్జి అనుమతి ఉండాలి. ముందు రాజీకి ప్రయత్నించడం కోర్టు బాధ్యత. భార్యాభర్తలే నోరు విప్పాలన్నది ఆలోచన. ఆచరణలో లాయర్లు ఉంటూనే ఉంటారనుకోండి. అసలు మన దగ్గర లాయర్ల కంటే ముందే పెద్దమనుషులు కూర్చుంటారు, ఆ పంచాయతీలో మామగారు మాట్లాడతారు, బావగారు మాట్లాడతారు, అమ్మాయిని మాత్రం ఎవరూ అడగరు. ఇంకా ముందు, 'మీ నాన్నను అన్నానికి రమ్మను' అని పిల్లల చేత కబురంపే రోజులుంటాయి కదా, అవి ఈ సినిమా తీసినవాళ్లకు తెలియవు పాపం.

ఇక అందరూ చెప్పే గొడవ సీన్. బాగుంది, కాదనను. చార్లీ గోడకు గుద్ది, నువ్వు చచ్చిపోతే బాగుండునన్నంత మాట అని, మోకాళ్ల మీద కూలిపోయి ఏడుస్తాడు. కానీ నటన కాస్త ఎక్కువగా కనిపించింది నాకు. నాటకాలవాళ్లు కాబట్టి సరేలే అనుకున్నా.

సినిమా మీద నా కంప్లైంట్ వేరే ఉంది. రెండో సగం మొత్తం చార్లీ బాధే. అతను స్టేజ్ మేనేజర్‌తో సంబంధం పెట్టుకున్న సంగతిని ఒక గొడవలో దులిపేసి సినిమా ముందుకెళ్లిపోతుంది. నికోల్ ఒంటరిగా ఎలా ఉందో అంతసేపు చూపించలేదు. రెండుంపావు గంటల సినిమాలో ఆ పది నిమిషాలు దొరక్కపోతాయా? అందుకే 5కి 3.5 ఇస్తున్నాను, ఆ 3.5లో ఎక్కువ భాగం లంచ్ ఆర్డర్‌దే.