నీటికాసులు శుక్లం కాదండీ! గ్లకోమా డాక్టర్ అసలేం చూస్తారు?

నమస్కారం. మా పెదనాన్నకు నీటికాసులని తెలిసినప్పటి నుంచి ఇంటికొచ్చిన ప్రతి చుట్టానిదీ ఒకటే మాట: "ఆపరేషన్ చేయించేయండి, చూపు తిరిగొస్తుంది." అండీ, అది శుక్లానికి! అక్కడ మసకబారిన లెన్స్ తీసి కొత్తది పెడతారు. నీటికాసుల్లో, అంటే గ్లకోమాలో, దెబ్బతినేది కంటి నరం. అందులో పది లక్షల దాకా పోగులుంటాయి. పోయిన పోగు మళ్లీ రాదు. మిగిలిన చూపును నిలబెట్టడమే ఈ డాక్టర్ పని.

[తెర మీద: చెరువు, కట్ట, తూము]

కన్నును చెరువనుకోండి. కన్నీళ్లు వేరు, కంటి లోపల ఇంకో నీరు ఊరుతూ, తూము గుండా పోతూ ఉంటుంది. తూముకు నాచు పట్టిందంటే బరువంతా కట్ట మీదే. కంట్లో ఆ కట్ట పలచగా ఉండేది వెనక, నరం బయటికెళ్లే చోట.

మా ఊరి చెరువుకు నీరటికాడు ఉండేవాడు. నీటిమట్టం ఒక్కటే చూసి ఇంటికి పోయేవాడు కాదు. తూము దగ్గరికి దిగేవాడు, కట్ట పొడవునా నడిచి నెర్రెలు వెతికేవాడు. గ్లకోమా డాక్టర్ అచ్చం అంతే. కంటి ఒత్తిడి మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం (mmHg) మధ్య ఉంటుంది. "నాకు 16 వచ్చింది, భయం లేదు" అంటారే, నాకు బాధనిపించేది అక్కడే. 16 ఉన్నా నరం పాడయ్యేవాళ్లున్నారు. నీళ్లు తక్కువే, కట్టే బలహీనం. పైగా కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, పలచగా ఉంటే మెషీన్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది.

అందుకే కంటికి మత్తు చుక్క వేసి, అద్దాలున్న చిన్న లెన్స్ ఆనించి, తూము ఉండే మూలలోకి చూస్తారు. దీన్ని గోనియోస్కోపీ అంటారు. తూము తెరిచే ఉందా, మూసుకుపోయిందా అన్నదాన్ని బట్టి వైద్యమే మారిపోతుంది. ఆ మూలను చదవడానికి చెయ్యి తిరగాలి. ఎంబీబీఎస్, కంటి వైద్యంలో మూడేళ్ల ఎంఎస్ అయ్యాక మళ్లీ ఫెలోషిప్ చేసేది ఇందుకే.

తర్వాత ఫీల్డ్ టెస్ట్, అంటే చుట్టుపక్కల చూపు ఎంతమేర ఉందో చూసే పరీక్ష. గిన్నెలాంటి మెషీన్‌లో గడ్డం ఆనించి, వెలుగు చుక్క కనపడినప్పుడల్లా బటన్ నొక్కాలి. పెదనాన్న చెమటలు తుడుచుకుంటూ బయటికొచ్చి "ఫెయిలయ్యానేమోరా" అన్నాడు. టెన్షన్ వద్దు. మంచి కంటికి కూడా కనపడనంత మసక చుక్కలు కావాలనే వేస్తారు. చూపు ముందుగా పోయేది పక్కల నుంచి. ఆయకట్టు చివరి మడి ఎండినా తూము పక్క రైతుకు తెలియనట్టే, మనకూ తెలియదు. 1990ల చివర్లో హైదరాబాద్‌లో చేసిన సర్వేలో, తూము తెరిచే ఉండే రకం గ్లకోమా బయటపడ్డవాళ్లలో పదికి తొమ్మిది మందికి ఆ సంగతి అంతకుముందు తెలియనే తెలియదు.

టైం అయిపోతోంది, వైద్యం గబగబా చెప్పేస్తాను. టిమొలాల్ చుక్కలు నీటి ఊటను తగ్గిస్తాయి, ఆస్తమా ఉంటే ముందే చెప్పండి. లాటనోప్రోస్ట్ నీటికి పక్కదారి చూపిస్తుంది. మూల మూసుకుపోయేవాళ్లకు లేజర్‌తో ఐరిస్‌లో, అంటే కంటిపాప చుట్టూ ఉండే రంగు పొరలో, చిన్న రంధ్రం వేస్తారు. వీటికీ లొంగకపోతే ట్రాబెక్యులెక్టమీ, అంటే కొత్త తూము తవ్వడమే. కళ్లు ఎర్రబడ్డాయని సొంతంగా స్టెరాయిడ్ చుక్కలు కొని వేసుకోకండి, అవి ఒత్తిడి పెంచగలవు. పెదనాన్నకు వచ్చింది కాబట్టి మా నాన్ననూ తీసుకెళ్లి చూపించాం. తోబుట్టువులకూ పిల్లలకూ వచ్చే అవకాశం ఎక్కువ.

చుక్క వేసుకున్నాక కన్ను మూసి, ముక్కు పక్క మూలను రెండు నిమిషాలు నొక్కి పట్టుకోండి. రెండో మందుకు ఐదు నిమిషాలు ఆగండి.