దొరల సమాధులకు రంగు పూయకండి

(దృశ్యం: పాత సమాధి పలక, బాగా దగ్గరగా. చెక్కిన అక్షరాల గాడుల నిండా నీలం ఎనామిల్ పెయింట్.)

వాయిస్: నవంబరు 2 ఆత్మల పండుగ. గుంటూరు, విజయవాడల్లో క్యాథలిక్ కుటుంబాలు ముందుగానే సమాధులు కడిగి, రంగులు వేసి, పూలు పెడతాయి. పక్కనే ఈస్టిండియా కంపెనీ కాలం నాటి తెల్లదొరల సమాధి ఉంటే, పాపం ఎవరూ లేరు కదా అని దానికీ ఒక పూత పూస్తారు. మంచి మనసుతో చేసే పనే. కానీ ఈ పలక చూడండి. పేరు సగమే కనిపిస్తోంది, చనిపోయిన ఏడాది పెయింట్ కింద పూడుకుపోయింది.

(దృశ్యం: పాత పటం, గుంటూరు, కృష్ణ ఒడ్డు.)

గుంటూరు 1788లో ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లింది. లూథరన్ మిషనరీ హేయర్ ఇక్కడ అడుగుపెట్టింది 1842లో. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855కి పూర్తయింది. ఇలాంటి పనుల మీద దొరలు, వాళ్ల కుటుంబాలు ఇక్కడికి వచ్చారు. ఆ రోజుల్లో కలరా, జ్వరాలు ఎవరినీ వదల్లేదు. అప్పటి పలకల మీద వయసులు చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. నెలల పిల్లలు, పాతికేళ్లు నిండని తల్లులు.

దొరల సమాధులు మనకెందుకు అంటారు కొందరు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. 1832-33 డొక్కల కరువులో ఒక్క గుంటూరు జిల్లాలోనే లక్షన్నర మంది దాకా పోయారని అంచనా. వాళ్లకు రాయి లేదు, పేరు లేదు. అందుకే ఆ కాలం తేదీలున్న ప్రతి పలకా మనకు కావాలి. దాని ముందు నిలబడి పిల్లలకు ఆ కరువు సంగతీ చెప్పాలి.

(దృశ్యం: సిమెంటు పూత పక్కన పొడిపొడిగా రాలుతున్న ఇటుక.)

ఇక మరమ్మతు. ఇవి సున్నం గచ్చుతో కట్టినవి. ఇటుకలోకి ఎక్కిన చెమ్మ గచ్చు గుండా ఆరిపోతుంది. పైన సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మ లోపలే తిరుగుతుంది, ఉప్పు పేరుకుని ఇటుకను పొరలు పొరలుగా ఊడగొడుతుంది. మనం గట్టిచేశాం అనుకుంటాం, లోపల గుల్లవుతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీనే పిలవండి.

పాలరాయికి యాసిడ్ అసలు తగలనివ్వొద్దు, రాయే కరుగుతుంది. మంచినీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. రావిమొక్క మొలిస్తే పీకొద్దు, వేరుతో పాటు ఇటుకలూ వస్తాయి. మొదలుకు కోసి, వేరు ఎండనివ్వండి.

(దృశ్యం: సెల్‌ఫోన్ టార్చి పక్కనుంచి పడగానే పలక మీద అక్షరాలు తేలడం.)

చదవడానికి సుద్ద రుద్దక్కర్లేదు. సాయంత్రం పూట టార్చి ఇలా ఏటవాలుగా పట్టండి. ఫొటో తీసి, ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. మన జిల్లాలు అప్పట్లో ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలోని సమాధుల మీది రాతలను జె.జె. కాటన్ అనే ఐ.సి.ఎస్. అధికారి జిల్లాలవారీగా సేకరించగా 1905లో పుస్తకంగా అచ్చయింది. మీ పలకలో చెరిగిన మాట అందులో దొరకొచ్చు. మీరు రాసుకున్నది ఒక కాపీ చర్చి ఆఫీసులో, ఒకటి ఊరి లైబ్రరీలో ఇవ్వండి. ఈ పనంతా రంగు డబ్బాలు కొనకముందే, అక్టోబరులోనే మొదలుపెట్టండి.